ఎయిర్ ఫ్రయ్యర్‌లో చేసింది వేపుడేనా? మా ఇంట్లో తెగని పంచాయితీ

పోపులడబ్బా:
రెండు నెలల క్రితం నాలుగు లీటర్ల ఎయిర్ ఫ్రయ్యర్ కొన్నాను. 1500 వాట్లది. చామదుంపలు, బంగాళాదుంపలు బాగానే వచ్చాయి. అమ్మకి ఫోన్‌లో గొప్పలు కూడా చెప్పాను. పోయిన వారం అమ్మ తెనాలి నుంచి వచ్చింది. ఆవిడ ముందు బెండకాయ వేపుడు చేసి పరువు పోగొట్టుకున్నాను. ముక్కల కొసలు మాడాయి, మధ్యలో జిగురు జిగురుగానే ఉంది. అమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని "ఇది వేపుడు కాదురా, ఎండబెట్టిన బెండకాయ" అంది. నాన్న మాత్రం నూనె లేదు కాబట్టి మంచిదే అని తినేశారు. ఆయనకి ఏది పెట్టినా మంచిదే, ఆయన ఓటు లెక్కలోకి రాదు.

ఇంతకీ రోజువారీ వేపుళ్లకి ఇది పనికొస్తుందా? లేక అటక మీద ఇడ్లీ మైక్రోవేవ్ గిన్నెల పక్కన పెట్టేయాలా?

మూకుడే ముద్దు:
అమ్మగారు చెప్పిందే రైటు. ఆ డబ్బాలో ఉన్నదేంటి? పైన ఒక కాయిల్, ఒక ఫ్యాను. వేడి గాలిని తిప్పే చిన్న సైజు కన్వెక్షన్ ఒవెన్, అంతే. 2010లో ఫిలిప్స్ వాళ్లు ఎయిర్ ఫ్రయ్యర్ అన్న పేరుతో మార్కెట్లోకి తెచ్చారు. పేరులో ఫ్రై ఉంది కదా అని మనం అందులో బజ్జీలు వేయబోతున్నాం.

నేనూ వేశాను, దాచడమెందుకు. మిరపకాయ బజ్జీలకి శనగపిండి జారుగా కలిపి, ముంచి, బుట్టలో పేర్చాను. పది నిమిషాల తర్వాత తీస్తే మిరపకాయలు పైన, పిండి కింద. జల్లెడ కన్నాల్లోంచి కారి అడుగున అట్టులా గట్టిపడింది. కాగిన నూనెలో పిండి పడగానే క్షణాల్లో పొర కడుతుంది, గాలిలో ఆ పొర కట్టేలోపే కారిపోతుంది. గాలి ఎంత వేడిగా ఉన్నా నూనె అందించినంత వేగంగా వేడిని అందించలేదు. 200 డిగ్రీల ఒవెన్‌లో ఒక్క క్షణం చెయ్యి పెట్టి తీయగలం, 180 డిగ్రీల నూనెలో పెట్టగలమా?

ఇంకో సంగతి. సగ్గుబియ్యం వడియాలు వేసి చూడండి. నూనెలో అయితే లోపలున్న కాస్త తేమ ఒక్కసారిగా ఆవిరై వడియం పువ్వులా విచ్చుకుంటుంది. డబ్బాలో ఆ తేమ మెల్లగా జారిపోతుంది. రాయిలా పెట్టింది రాయిలాగే బయటికొస్తుంది, కాస్త రంగు మారుతుంది అంతే.

కరీంనగర్ కోడలు:
మూకుడు అన్నా, బజ్జీ విషయంలో మీతో వంద శాతం ఒప్పుకుంటా. కానీ మీరు రెండు వేరు వేరు పనుల్ని కలిపేశారు. మా అత్తగారింట్లో నిండా నూనెలో వేస్తే గోలించడం అంటారు. మా అమ్మది ఏలూరు, ఆమె దేవడం అంటుంది. బజ్జీలు, గారెలు, పూరీలు దేవేవి. వేపడం వేరు. పల్లీలు వేపాము అంటే నూనె పోశామా? రవ్వ వేపితే? మెంతులు వేపితే? ముక్కలో నీరు పోయి, రంగు తిరిగి, కమ్మటి వాసన రావాలి, అదే వేగడం. ఆ లెక్కన డబ్బాలో వేగింది వేపుడే. సరిగా వేగాలి, అదొక్కటే షరతు.

పోపులడబ్బా గారూ, మీ బెండకాయ ఎందుకు చెడిందో నేను చూడకుండానే చెప్తా. కడిగిన వెంటనే కోసి ఉంటారు, ఉప్పు ముందే కలిపి ఉంటారు, బుట్ట నిండా పోసి ఉంటారు. ఔనా?

నేను చేసేది ఇట్లా. రాత్రే బెండకాయలు కడిగి, తుడిచి, గుడ్డ మీద ఆరబెడతా. పొద్దున రెండు సెంటీమీటర్ల ముక్కలు, అంతకన్నా చిన్నగా కోస్తే ఎండిపోయి పుల్లల్లా అవుతాయి. పావుకిలోకి ఒక చెంచా నూనె, చేత్తో ప్రతి ముక్కకీ పట్టేలా కలపాలి. నూనె అస్సలు వద్దు అనుకునేవాళ్లు ఆశ వదులుకోండి, ఆ చెంచానే రంగునీ రుచినీ తెచ్చేది. బుట్టలో ఒకే వరస. 180 డిగ్రీల మీద 12 నుంచి 14 నిమిషాలు, మధ్యలో రెండుసార్లు లాగి కుదపాలి. ఉప్పు, కారం, వెల్లుల్లి బయటికి తీశాకే. ఉప్పు ముందు పడితే నీరు ఊరుతుంది, ముక్క వేగే బదులు ఉడుకుతుంది. మీ జిగురు కథ అదే.

పోపు మాత్రం పొయ్యి మీదే. చిన్న గరిటెలో ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు చిటపటలాడించి పైన పొయ్యండి. కరివేపాకు బుట్టలో వేయకండి, ఫ్యాను గాలికి లేచి కాయిల్ మీద పడి మాడుతుంది. నాకు వారం రోజులు ప్రతి వంటలో ఆ మాడు వాసనే.

ఆరుగురి వంట:
మీరంతా పావుకిలో లెక్కలు చెప్తున్నారు. మా ఇంట్లో ఆరుగురం, అందులో ఇద్దరు కాలేజీ పిల్లలు. బెండకాయ కిలో కోయాలి. ఒకే వరసలో పరిస్తే నాలుగు విడతలు, ఒక్కో విడత పావుగంట, అంటే గంట. అదే వెడల్పాటి బాణలిలో అరగంటలో అయిపోతుంది. మొదటి విడత తిన్నవాళ్లు లేచి చేయి కడుక్కునే వేళకి చివరి విడత వస్తుంది. రుచి సంగతి తర్వాత, ముందు ఈ లెక్క ఎవరైనా తేల్చండి.

డాలస్ బాబాయ్:
మాకు ఇద్దరమే కాబట్టి సరిపోయింది. మా తగువు రుచి గురించి కాదు, పొగ గురించి. ఇక్కడ చాలా అపార్ట్‌మెంట్లలో పొయ్యి పైనున్న ఫ్యాను పొగని బయటికి పంపదు, ఫిల్టర్ గుండా మళ్లీ ఇంట్లోకే వదులుతుంది. చేపలు వేయించిన రోజు స్మోక్ అలారం మోగి, నేను టవల్ ఊపుతూ దాని కింద నాట్యం చేసేవాడిని. ఇప్పుడు చేప ముక్కలకి కారం, పసుపు, అల్లంవెల్లుల్లి, నిమ్మరసం, కాస్త బియ్యప్పిండి, రెండు చెంచాల నూనె పట్టించి 180 మీద 12 నిమిషాలు. మధ్యలో ఒక్కసారే తిప్పాలి, ఎక్కువసార్లు కదిపితే విరుగుతాయి. చలికాలపు కోట్లకి చేపల వాసన పట్టడం బాగా తగ్గింది. పెనం మీద వచ్చిన కరకర రాదు, అది నిజం. ముక్క లోపల మాత్రం ఎండిపోకుండా మెత్తగా ఉంటుంది.

ల్యాబ్ కోటు:
నూనె లేదు కాబట్టి ఆరోగ్యం అని నాన్నగారు అన్నారట. సగం నిజం. నూనె తగ్గితే కేలరీలు తగ్గుతాయి, సందేహం లేదు. కానీ బంగాళాదుంప లాంటి పిండి పదార్థాన్ని 120 డిగ్రీలు దాటించి వేయిస్తే అక్రిలమైడ్ తయారవుతుంది, క్యాన్సర్ తెస్తుందేమోనని అనుమానించే రసాయనం. 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు దీన్ని ఆహారంలో గుర్తించారు. దుంపలోని ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం, చక్కెరలు కలిసి చేసే పని ఇది. నూనె అయినా గాలి అయినా వేడి వేడే. ముక్కలు కోసి అరగంట నీళ్లలో నానబెట్టి, తుడిచి వేయండి. బంగారు రంగు రాగానే తీసేయండి, ముదురు గోధుమ రంగు దాకా ఆగొద్దు. పచ్చి దుంపల్ని ఫ్రిజ్‌లో పెట్టకండి, చల్లదనానికి చక్కెరలు పెరుగుతాయి.

మూకుడుకీ ఒక మాట. ఇంట్లో దేవిన నూనెని డబ్బాలో వడగట్టి మళ్లీ మళ్లీ వాడటం మన దగ్గర మామూలు. వేయించే కొద్దీ నూనె చెడి అందులో పోలార్ పదార్థాలు అనేవి పెరుగుతాయి, అవి 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన పెట్టింది, 2018 జులై నుంచి అమల్లో ఉంది. హోటళ్లకైతే కొలిచే పరికరం ఉంటుంది. మీ ఇంట్లో కొలిచేది ఎవరు?

మూకుడే ముద్దు:
మా ఇంట్లో మా ఆవిడ ముక్కే పరికరం. ఒకసారి దేవిన నూనె మర్నాడు తాలింపులకి పోతుంది, అంతే, రెండోసారి దేవడం లేదు.

అయినా నేను ఆరోగ్యం సంగతి ఎత్తలేదే? రుచి అడిగితే రుచి చెప్పాను. కరీంనగర్ చెల్లెమ్మ వేపడం, దేవడం వేరన్న మాట బాగుంది, ఒప్పుకుంటున్నా. కానీ బాణలిలో బెండకాయ వేగేటప్పుడు మనిషి పక్కన నిలబడి, వాసన చూసి, మంట తగ్గించి, ఒక ముక్క నొక్కి చూస్తాడు. ఆ డబ్బా మూత వేసుకుని తన పని తాను చేసుకుంటుంది. టైమర్ మోగాకే తెలుస్తుంది మాడిందో లేదో.

కరీంనగర్ కోడలు:
మూత ఎప్పుడైనా లాగి చూడొచ్చు అన్నా, తాళం వెయ్యలేదు!

ఆరుగురి వంట అక్కా, మీకు నేను కొనమని చెప్పను. మీ ఇంటికి బాణలే కరెక్టు. కొంటే పల్లీలు, కాకరకాయ చక్రాలు, మిగిలిన సమోసాలు వేడి చేయడం, వీటికే వాడండి. దొండకాయ పచ్చిది నేరుగా వేయకండి, పైన తోలులా సాగుతుంది. సగం ఉడికించి, నీరు ఆరాక వేస్తే దారికొస్తుంది.

డాలస్ బాబాయ్:
కరెంటు గురించి ఎవరూ అడగలేదు కానీ చెప్తున్నా. 1500 వాట్లది 20 నిమిషాలు ఆగకుండా నడిస్తే అర యూనిట్. మధ్యలో కాయిల్ ఆగి వెలుగుతుంది కాబట్టి అంతకన్నా తక్కువే. బిల్లు గురించి టెన్షన్ అక్కర్లేదు.

పోపులడబ్బా:
మూడు తప్పులూ నేను చేసినవే, కోడలు గారూ. రాత్రి కడిగి ఆరబెట్టి, ఈ రోజు మళ్లీ చేశాను. పోపు అమ్మనే పెట్టమన్నాను. కాస్త రాజకీయం కూడా ఉండాలి కదా.

అమ్మ రెండోసారి వడ్డించుకుంది. బాగుందని మాత్రం అనలేదు. "పోపు కుదిరింది" అంది. సాయంత్రం చూస్తే తనే చట్నీకి పల్లీలు అందులో పోసి, ఏ బటన్ నొక్కాలని అడిగింది. 160 మీద ఎనిమిది నిమిషాలు పెట్టి చూపించాను. నాన్న పెరుగన్నంలోకి వడియాలు మాత్రం మూకుడు తీసి నూనెలోనే వేయించింది. ఆ విషయంలో వాదించే ఉద్దేశం నాకు లేదు.

ల్యాబ్ కోటు:
ఆ వడియాలు ఏ నూనెలో? కొత్తదా, మొన్న పూరీలకి వాడిందా?

పోపులడబ్బా:
అమ్మని ఆ ప్రశ్న అడిగే ధైర్యం లేదండి. పూరీలదే అనుకుంటా, వాసన బట్టి.