దీమపు... ఆ తర్వాత?

గోదారిగట్టు: ఫిలిప్పీన్స్‌లోని మిండోరో ద్వీపవాసులైన మాంగ్యన్లు అడవికోళ్లను పట్టే తీరు చదువుతున్నాను. పెంపుడు పుంజును కాలికి తాడు కట్టి అడవిలో నిలబెడతారు. చుట్టూ ఉచ్చులు. అది కూయగానే అడవిపుంజు పోట్లాటకు వచ్చి కాలు ఇరికించుకుంటుంది. చదువుతుంటే ఏదో ప్రబంధంలోని వేట ఘట్టం మెదిలింది. "దీమపు..." తర్వాత లేడో, మెకమో. రెండు రోజులుగా ఇదే గోల.

పాతప్రతి: "దీమసపు" అయి ఉంటుంది. సకారం మీరు మింగేశారు.

గోదారిగట్టు: దీమసమంటే ధైర్యం. ఇది వేటలో ధైర్యం సంగతి కాదండీ, దీమం సంగతి, అంటే ఎరగా పెట్టే పెంపుడు మృగం. పైగా నా చెవిలో మోగుతున్నది భగణం.

పాతప్రతి: పాదమే గుర్తులేనివారికి గణం గుర్తుందా!

నిండుసున్న: ఇద్దరూ తప్పే. "దీమంపు". తగణం. బిందువును ఎగరగొట్టేది అచ్చువేసినవారే.

కొండపల్లె: దీమం దీపం నుంచే వచ్చిందని నా అనుమానం. రాత్రి వేటలో వెలుగు చూసి మెకాలు రావా?

నిండుసున్న: పట్టపగలు కూసే కోడికి దీపమెందుకు? తమిళులు ఇలాంటి ఎర మృగాన్ని "పార్వై" అన్నారు. అక్కడ చూపు, ఇక్కడ వెలుగు అని మాత్రం మొదలుపెట్టకండి.

ఉడుమూరువాసి: వేట మాట వచ్చాక ధూర్జటి లేకుండా ఎలా? తిన్నణ్ణి లింగం దాకా లాక్కెళ్లిన పందిని తలచుకోండి. అసలు దీమం అదే. ఒడ్డినవాడు శివుడు, చిక్కినవాడు వేటగాడు. పుక్కిట నీళ్లు, కాల్చిన మాంసం, చివరికి కళ్లు, అన్నీ ఆ ఉచ్చులో పడ్డాకే.

పాతప్రతి: ఆహా. అయితే అది దీమసమే!

కొండపల్లె: మా తాతగారి ఊళ్లో కౌజుపిట్టను బుట్టలో పెట్టి, పైన పాతగుడ్డ కప్పి పొదలో దించేవారు. గుర్రపు తోక వెంట్రుకల ఉచ్చులు ఎండలో కనబడేవే కావు. వేలితో తడిమితేనే తెలిసేవి. ఆ బుట్టపిట్టను "దీమం" అనగా నేను వినలేదు. "పిలుపుపిట్ట" అనేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక కూడా కొన్నాళ్లు సాగింది, చెప్పకూడదు గానీ.

నిండుసున్న: "పిలుపు"లో మొదటి అక్షరం ఇకారమా, ఎకారమా?

గోదారిగట్టు: అయ్యా, నా లేడి?