శాంతి కమిటీలో మతపెద్దలు, కుర్రాళ్లు ఉండాల్సిందేనా?

ముక్కుసూటి:
సూటిగానే అడుగుతున్నా. గొడవలున్న చోట శాంతి కమిటీ అనగానే ముందు వరసలో మతపెద్దలకు కుర్చీలు వేస్తారు, వెనక ఇద్దరు కుర్రాళ్లను నిలబెడతారు. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి కూడా 2015 డిసెంబరులో 2250వ తీర్మానం చేసి, 18 నుంచి 29 ఏళ్లవాళ్లకు శాంతి ప్రయత్నాల్లో చోటు పెంచమంది. బాగానే ఉంది. కానీ రెచ్చగొట్టేదీ వీళ్లే కదా? ప్రసంగం ఒకరిది, రాయి ఇంకొకరిది. రువాండాలో 1994లో న్యాంగే చర్చిలో తలదాచుకున్న జనాన్ని, బుల్‌డోజర్‌తో ఆ చర్చినే కూల్చి చంపారు. ఆ కేసులో అక్కడి ఫాదర్ సెరోంబాకు అంతర్జాతీయ ట్రైబ్యునల్ 2008లో యావజ్జీవ శిక్ష ఖరారు చేసింది. మతాన్ని రాజీ మాటల దగ్గరికి రానివ్వకపోవడమే మేలని నా అభిప్రాయం.

నిదానం:
సెరోంబా సంగతి కాదనలేను. కానీ ప్రాణం మీదికొచ్చినప్పుడు జనం చర్చికి పరుగెత్తారంటే నమ్మకం అక్కడ ఉందనే కదండీ. మీరు గడప బయట ఆపినంత మాత్రాన ఆ నమ్మకం పోదు, ఇంకెవడో వాడుకుంటాడు. సెంట్రల్ ఆఫ్రికన్ రిపబ్లిక్ చూడండి. 2013 డిసెంబరులో బాంగీ నగరంలో మతం చూసి చంపుతుంటే, ఆర్చిబిషప్ న్జపలైంగా అక్కడి ఇమామ్ లయామాను కుటుంబంతో సహా తన ఇంట్లో పెట్టుకున్నారు. ఒకటి రెండు రోజులు కాదు, నెలల తరబడి. ఇద్దరూ ఒక పాస్టర్‌ను కూడా కలుపుకుని, ఇది మతాల మధ్య యుద్ధం కాదని కనపడినవాళ్లందరికీ చెప్పుకొచ్చారు. ఆ మాట ప్రభుత్వం చెబితే ఎవరు వింటారు?

అడ్డుపుల్ల:
విన్నారే అనుకుందాం, యుద్ధం ఆగిందా? నైజీరియాలోని కడూనాలో 2002 ఆగస్టులో 22 మంది మతపెద్దలు శాంతి ప్రకటన మీద సంతకాలు చేశారు. నవంబరులో మిస్ వరల్డ్ పోటీల గురించి పేపర్లో వచ్చిన ఒక్క వాక్యానికి అదే ఊరు భగ్గుమంది. 200 మందికి పైగా పోయారు. మూడు నెలలు నిలవని సంతకం ఎందుకండీ?

నిదానం:
కడూనా ఎత్తారు కాబట్టి మిగతాదీ చెప్పాలి. ఆ ప్రకటన కోసం తిరిగినవాళ్లలో పాస్టర్ జేమ్స్ వుయే, ఇమామ్ ముహమ్మద్ అషాఫా ఉన్నారు. 1992 అల్లర్లలో పాస్టర్‌కి కుడిచెయ్యి పోయింది. ఇమామ్ తన గురువును, దగ్గరి బంధువులిద్దర్నీ పోగొట్టుకున్నాడు. అప్పటికి ఇద్దరివీ ముప్పై పైబడిన వయసులే, ఇద్దరూ చెరో ముఠాను నడిపినవాళ్లే. 1995లో కలిసి పనిచేయడం మొదలుపెట్టాక కూడా, ఒక ప్రయాణంలో ఇద్దరికీ ఒకే గది ఇస్తే, నిద్రపోతున్న ఇమామ్ ముఖం మీద దిండు అదిమేయాలనిపించిందని పాస్టర్ తర్వాత తనే చెప్పుకున్నాడు. అంత పగ మింగినవాడు "వద్దురా" అంటే కర్ర పట్టుకున్న కుర్రాడు ఒక్క క్షణమైనా ఆగుతాడు. నేనంటే ఎందుకు ఆగుతాడు?

సంతకం అల్లర్లను ఆపలేదన్నది నిజమే. సంతకం పెట్టింది పెద్దలు, వీధిలోకి దిగింది వేరేవాళ్లు. కుర్రాళ్లు కావాలనేది అందుకే.

కొత్తగాలి:
నాకు 24. ఒక శాంతి కమిటీలో ఏడాది పనిచేశాను, ఎక్కడని అడగకండి. పని అంటే కుర్చీలు సర్దడం, బ్యానర్ కట్టడం, ఫొటోలో నవ్వడం.

ఒక రాత్రి పదకొండున్నరకి వాట్సాప్‌లో వీడియో వచ్చింది, మా వాళ్ల ప్రార్థనా మందిరాన్ని అవతలివాళ్లు తగలబెడుతున్నారని. కమిటీలోనే ఉన్న అవతలి మతం అబ్బాయి, నేను ఫోన్‌లో మాట్లాడుకుంటూ దాన్ని పదిసార్లు చూశాం. వీడియోలో రోడ్డంతా మోకాలి లోతు నీళ్లు. మా దగ్గర నెలగా చినుకు లేదు. ఆ మాట గ్రూపుల్లో పెడితే, "నీకేం తెలుసు, పడుకో" అన్నారు. అప్పుడు మా పెద్దాయన్ని నిద్రలేపి, ఆ నీళ్లు చూపించి, వాయిస్ మెసేజ్ పెట్టించాం. దగ్గుతూ నలభై సెకన్లు మాట్లాడారు, అంతే. ఫార్వర్డులు ఆగాయి. ఆయనకి వాట్సాప్ తెరవడమే సరిగా రాదు, మా మాటకేమో విలువ లేదు.

మర్నాడు మీటింగులో అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు. కుర్చీలు మాత్రం మేమే వేశాం.

ముక్కుసూటి:
ఇది చదివాక నా మాట కొంచెం సవరించుకుంటున్నా. రానివ్వండి, కానీ ఎవరిని? అవతలివాళ్లను ఖండించడం ఎవడైనా చేస్తాడు. తన మనుషులు తప్పు చేసిన రోజున నోరు తెరిచాడా లేదా అన్నది చూసి పిలవాలి. ఎంత పెద్ద పీఠమైనా సరే.

అడ్డుపుల్ల:
ఆ లెక్కన చూస్తే ముందు వరస సగం ఖాళీ.

కొత్తగాలి:
ఖాళీ అయితే మేం కూర్చుంటాం లెండి. ఒకటి మాత్రం చెప్పండి. ఆ వీడియో అబద్ధమని చెప్పినందుకు ఆ అబ్బాయిని సొంతవాళ్లే రెండు వారాలు బెదిరించారు, బయటికి రావడం మానేశాడు. కమిటీ నుంచి ఒక్క ఫోన్ పోలేదు. యువత రక్షణ గురించి కూడా 2250లోనే ఉంది కదా, ఆ భాగం ఎవరి బాధ్యత?