ప్రమాదకర వ్యర్థాలను నిపుణ సంస్థకు అప్పగించడం సబబేనా?

రసాయనశాల:
మాది లోహాలకు పూత వేసే మధ్యతరహా కర్మాగారం. నికెల్, రాగి, క్రోమియం పూతలు వేస్తాము, సయనైడ్ తొట్లు కూడా ఉన్నాయి. ఇన్నేళ్లూ వ్యర్థజలాన్ని మేమే శుద్ధి చేసుకుని, మిగిలిన స్లడ్జ్‌ను, అంటే లోహాలు కలిసిన బురదను, అనుమతి పొందిన పూడ్చివేత స్థలానికి పంపిస్తూ వచ్చాము. ఇప్పుడు ఒక నిపుణ సంస్థ దీర్ఘకాల ఒప్పందం ప్రతిపాదించింది. వర్గీకరణ నుంచి తుది శుద్ధి వరకు అన్నీ తామే చూసుకుంటామని, స్లడ్జ్‌లోని లోహాన్ని తిరిగి రాబడతామని అంటున్నారు. యాజమాన్యం నా అభిప్రాయం అడిగింది. ఇలాంటి భాగస్వామ్యంతో వ్యర్థాలు నిజంగా తగ్గుతాయా, లేక మన కంటికి కనబడకుండా పోతాయా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పాత ఫోర్‌మన్:
కంటికి కనబడకుండానే పోతాయి. 1976లో ఇటలీలోని సెవెసో దగ్గర ఒక రసాయన కర్మాగారం నుంచి డయాక్సిన్ అనే విషరసాయనం వెలువడిన ప్రమాదం అందరికీ తెలుసు, కానీ ఆ తరువాత జరిగినది తెలిసినవారు తక్కువ. ప్రమాదం జరిగిన రియాక్టర్‌లోని విషపదార్థాన్ని 41 పీపాలలో నింపి, వాటిని వదిలించే పనిని ఆ కర్మాగారపు మాతృసంస్థ రోష్ కంపెనీ బయటి సంస్థకు అప్పగించింది. 1982లో అవి ఇటలీ సరిహద్దు దాటిన తరువాత ఎక్కడున్నాయో లోకానికి తెలియకుండా పోయింది. నెలల తరబడి వెతికితే, 1983లో ఉత్తర ఫ్రాన్స్‌లోని ఒక గ్రామంలో, మూతపడిన పశువధశాలలో బయటపడ్డాయి. చివరికి రోష్ వాటిని తన సొంత దేశమైన స్విట్జర్లాండ్‌కు తీసుకుపోయి 1985లో కాల్పించింది. అప్పగింత పత్రాలన్నీ ఉన్నాయి, పీపాలు మాత్రం లేవు. మీరు సంతకం పెట్టబోయేది కూడా అటువంటి పత్రమే.

నీటిచుక్క:
ఆ ఉదంతం తరువాతే కదా యూరప్‌లో సరిహద్దులు దాటే వ్యర్థాలపై నిబంధనలు వచ్చింది.

శుద్ధిపథం:
నేను నిపుణ సంస్థలోనే పనిచేస్తున్నాను, ఆ సంగతి ముందే చెప్పడం న్యాయం. ఫోర్‌మన్ గారూ, సొంతంగా చేసుకున్నవారి చరిత్రను కూడా చూడండి. అమెరికాలోని లవ్ కెనాల్‌లో హుకర్ కెమికల్ కంపెనీ సుమారు 21,000 టన్నుల రసాయన వ్యర్థాలను తానే పూడ్చి, పైన మట్టి కప్పి, 1953లో ఆ స్థలాన్ని ఒక్క డాలరుకు పాఠశాల బోర్డుకు అమ్మింది. అక్కడ బడి కట్టారు, ఇళ్లు లేచాయి. 1978లో అత్యవసర పరిస్థితి ప్రకటించి కుటుంబాలను తరలించవలసి వచ్చింది. అక్కడ బయటి సంస్థ ఎవరూ లేరు.

ఇక రసాయనశాల గారి ప్రశ్నకు వస్తాను. మీ తొట్ల నుంచి వచ్చే కడుగునీళ్లన్నీ ఒకే ట్యాంకులో కలుస్తున్నాయా? కలుస్తుంటే మీ స్లడ్జ్‌లో నికెల్, రాగి, క్రోమియం, సున్నం అన్నీ ఒకే ముద్దగా ఉంటాయి. దానిలోంచి లోహాన్ని లాభసాటిగా రాబట్టడం చాలా కష్టం కాబట్టి అది పూడ్చివేతకే పోతుంది. నికెల్ వరుసను మొదటి నుంచే వేరుగా పట్టుకుంటే ఆ లోహం తిరిగి పనికి వస్తుంది. అసలు పని మీ తొట్టి దగ్గరే మొదలవుతుంది, మా లారీ దగ్గర కాదు. మంచి భాగస్వామి మీ పైపులను ఎలా విడదీయాలో చెప్పేందుకు వస్తాడు, సరుకు ఎత్తుకుపోవడానికి మాత్రమే వచ్చేవాడు రవాణాదారు.

లెక్కల మనిషి:
ఒకే ఒక్క ప్రశ్న. ఆ సంస్థకు డబ్బు టన్నుల లెక్కన చెల్లిస్తారా? అలాగైతే మీ వ్యర్థం తగ్గిన ప్రతి నెలా వారి ఆదాయం తగ్గుతుంది. తన ఆదాయాన్ని తానే తగ్గించుకునే భాగస్వామిని నేను ఇంతవరకు చూడలేదు.

శుద్ధిపథం:
టన్నుల లెక్క కాని పద్ధతులు కూడా ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ ప్రోత్సహిస్తున్న ‘కెమికల్ లీజింగ్’లో, రసాయనాన్ని కిలోల్లో కాకుండా అది చేసిన పనిని బట్టి, అంటే పూత వేసిన చదరపు మీటర్లను బట్టి చెల్లింపు ఉంటుంది. అప్పుడు రసాయనం వృథా అయితే సరఫరాదారుకే నష్టం.

లెక్కల మనిషి:
అది రసాయనం అమ్మేవాడి సంగతి, నేను అడిగింది వ్యర్థం తీసుకుపోయేవాడి గురించి. టన్నుల లెక్కా, కాదా?

పాత ఫోర్‌మన్:
ఆయన దానికి జవాబు చెప్పరు. నేను నా సంగతి చెబుతాను. మా కర్మాగారంలో శుద్ధి విభాగం నాది. ఆరు సంయోజకత గల విషపు క్రోమియాన్ని బైసల్ఫైట్‌తో తక్కువ విషపు రూపంలోకి మార్చేటప్పుడు ద్రావణం పసుపు రంగు పోయి ఆకుపచ్చకు తిరిగే క్షణాన్ని మీటరు కంటే ముందు నా కన్ను పట్టుకునేది. సయనైడ్ వరుసలోకి ఆమ్లం చుక్క పోకూడదని, పోతే ప్రాణాలు తీసే వాయువు వస్తుందని, కొత్తగా చేరిన ప్రతి కుర్రవాడికీ పైపును చేతితో తాకించి మరీ చెప్పేవాణ్ణి. నిపుణ సంస్థ వచ్చింది, విభాగం మూసివేశారు, పదకొండు మందిమి ఇంటికి వెళ్లాము. రెండేళ్లు తిరగకుండానే ఏ పైపు ఎటు పోతుందో చెప్పగల మనిషి ఆ కర్మాగారంలో ఒక్కరూ లేకపోయారు. దీన్నే మీరు సుస్థిరత అంటున్నారా?

నీటిచుక్క:
ఉద్యోగం పోవడం బాధాకరమే, అయితే అది వ్యర్థాల ప్రశ్నకు జవాబు కాదు.

పాత ఫోర్‌మన్:
అదే జవాబు. వ్యర్థాన్ని తెలిసిన మనుషులు పోతే వ్యర్థం గురించిన జ్ఞానమూ పోతుంది. ఈ వేదికలో నాలుగేళ్లుగా ఇదే చెబుతున్నాను, నాలుగేళ్లుగా నన్ను ‘బాధితుడు’ అని పక్కన పెడుతున్నారు.

శుద్ధిపథం:
జ్ఞానం గురించి మీరు మాట్లాడుతున్నారు కనుక నేనూ చెప్పవలసి వస్తున్నది. ఒక కర్మాగారం నుంచి మాకు డ్రమ్ములు వచ్చాయి. లేబుల్ మీద ‘వాడిన ఆమ్లం’ అని రెండే మాటలు. అది నైట్రిక్ ఆమ్లమని గాని, అదే డ్రమ్ములో ఎవరో సేంద్రియ ద్రావణి మిగులును పోశారని గాని రాయలేదు. నమూనా తీయడానికి వెళ్లిన మా కుర్రవాడు మూత పైకి ఉబ్బి ఉండడం గమనించి వెనక్కి అడుగు వేసేలోపే బిరడా ఎగిరి గోధుమరంగు పొగ చిమ్మింది. ముఖానికి కవచం ఉంది కాబట్టి కళ్లు దక్కాయి, మెడ మీద మచ్చ మాత్రం ఇప్పటికీ ఉంది. ఆ డ్రమ్ము నింపినవారు మీవంటి అనుభవజ్ఞులే. కూర్పు అడిగితే ‘వ్యాపార రహస్యం’ అని మూడుసార్లు తిప్పి పంపారు. మీ జ్ఞానాన్ని మీ గేటు లోపలే ఉంచుకుని, మా పిల్లల చేతుల్లో ఏమీ తెలియని డ్రమ్ము పెట్టారు.

పాత ఫోర్‌మన్:
ఆ డ్రమ్ము నేను నింపలేదు. నన్ను దానికి జవాబుదారీ చేయకండి.

శుద్ధిపథం:
మీరు నింపారని నేను అనలేదు. మమ్మల్నందరినీ ఫ్రాన్స్ పశువధశాలలో పీపాలు దాచినవారితో కలిపి మాట్లాడినది మాత్రం మీరే.

లెక్కల మనిషి:
టన్నుల లెక్కా, కాదా?

శుద్ధిపథం:
అవును, టన్నుల లెక్కే. మా ఒప్పందాలలో ఎక్కువ భాగం అలాగే ఉన్నాయి, అది లోపమే. లోహం రాబట్టిన చోట ఆదాయంలో వాటా ఉండే ఒప్పందాలు కొన్ని ఉన్నాయి, అవి చాలవు.

పాత ఫోర్‌మన్:
ఈ ఒప్పుకోలు మొదటి రోజే వచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. నేనూ ఒక మాట చెబుతాను. మా దగ్గర కూడా కూర్పు పూర్తిగా రాయనిచ్చేవారు కాదు. తొట్టిలో ఏ మెరుగు రసాయనం ఎంత కలుపుతామో బయటికి పొక్కకూడదని పై నుంచి ఆజ్ఞ. నేను ‘మిశ్రమ స్లడ్జ్’ అని రాసి సంతకం పెట్టేవాణ్ణి. అవతల ఎవరు మూత తెరుస్తారో నేను ఆలోచించలేదు. ఆ కుర్రవాడికి నా తరఫున చెప్పండి.

అయినా నా అభ్యంతరం నాకుంది. బయటివారికి పని ఇవ్వండి, శుద్ధి యంత్రాలు వారి దగ్గరే ఉండనివ్వండి. డయాక్సిన్ వంటివాటిని 1100 డిగ్రీల దగ్గర కాల్చే కొలిమిని ప్రతి కర్మాగారమూ కట్టుకోలేదని నాకూ తెలుసు. కానీ ఏ డ్రమ్ములో ఏముందో తెలిసిన మనిషి జీతం కర్మాగారం నుంచే రావాలి, లేబుల్ మీద అతని సంతకం ఉండాలి, ఆ డ్రమ్ము చివరికి ఏమైందో అతను వెళ్లి కళ్లారా చూసి రావాలి.

శుద్ధిపథం:
ఆ మనిషి అవతల ఉంటే మా పని సగం తేలికవుతుంది. అయితే అతనికి కూర్పు రాసే అధికారం కూడా ఇవ్వాలి, సంతకం ఒక్కటే ఇస్తే మళ్లీ ‘మిశ్రమ స్లడ్జ్’ అనే రాస్తాడు.

నీటిచుక్క:
రసాయనశాల గారు ఎక్కడ? అడిగింది ఆయన కదా.

రసాయనశాల:
అన్నీ చదువుతూనే ఉన్నాను. కడుగునీళ్ల సంగతి అడిగారు. సయనైడ్ వరుస ఒక్కటే వేరు, మిగతావన్నీ ఒకే ట్యాంకులోకి పోతున్నాయి. నిన్న రాత్రి ముసాయిదా ఒప్పందాన్ని మళ్లీ తీసి చూశాను. చెల్లింపు టన్నుల లెక్కనే ఉంది. నాలుగో పేజీలో, పూత ద్రావణాల కూర్పును రెండో పక్షానికి వెల్లడించనవసరం లేదనే నిబంధన ఉంది. ఆ వాక్యం వారు పెట్టినది కాదు, మా న్యాయవిభాగం చేర్చినది. దాన్ని తొలగించాలని, నికెల్ వరుసను విడదీసే ఖర్చును ఇరుపక్షాలూ పంచుకోవాలని ఈ ఉదయం రాసి పంపాను. న్యాయవిభాగం ఇంకా జవాబివ్వలేదు.