ఆదివారం ఆనందం వారం మధ్యకల్లా ఎందుకు ఆరిపోతోంది?

ప్రశ్న (బాటసారి)
అందరికీ వందనాలు. ఆదివారం ఆరాధనలో మనసు నిండిపోతుంది. మంగళ, బుధవారాలకల్లా అదంతా ఏమైపోతుందో తెలియదు. బైబిలు వాక్యం చదువుతున్నాను, ప్రార్థన మానలేదు, అయినా అంతా పొడిగా ఉంటోంది. "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" (ఫిలిప్పీ 4:4) చదివినప్పుడల్లా ఆనందం రాకపోగా, తప్పు చేస్తున్నట్టు ఉంటోంది. రోజూ ఏం చేయాలో చెప్పండి.

ద్రాక్షతీగ
వందనాలండి. ఆ వచనంలో "ప్రభువునందు" అన్న మాట దగ్గర కాస్త ఆగండి. పాటలు, నలుగురి మధ్య ఉండటం ఇచ్చే ఉత్సాహం మంచిదే, కానీ అవి ఆగితే అదీ ఆగుతుంది. సోమవారానికి మిగలాల్సింది ఆయన గురించి మీకు తెలిసిన సంగతి.

నెహెమ్యా 8 చూడండి. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివారు. విని జనం ఏడ్చారు. "యెహోవాయందు ఆనందించుటవలన మీరు బలమొందుదురు" అన్నది ఆ ఏడుస్తున్నవాళ్లతోనే. 12వ వచనంలో వాళ్ల సంతోషానికి కారణం రాసి ఉంది: తమకు చెప్పిన మాటలు వాళ్లు గ్రహించారు. ఎక్కువసేపు విన్నందుకు కాదు, అర్థమైనందుకు.

అందుకే చదివేది తగ్గించండి. రోజుకు 4 అధ్యాయాలని పట్టిక వెంట పరిగెత్తితే కళ్లు పేజీ దాటుతాయి గానీ మనసుకి ఏమీ అందదు. ఫిలిప్పీ పత్రికతోనే (పౌలు రాసిన ఉత్తరం) మొదలుపెట్టండి. మొత్తం 104 వచనాలు, రోజుకు పది చొప్పున 11 రోజులు. 20 నిమిషాలు చాలు. ఆ పదీ రెండుసార్లు పైకి చదివి, "ఇక్కడ దేవుడు ఏం చేశాడని ఉంది, ఏం చేస్తానన్నాడని ఉంది?" అని చూసి ఒక్క వాక్యం మీ మాటల్లో రాయండి. 1:6 దగ్గర, "మొదలుపెట్టిన పని ఆయనే పూర్తి చేస్తాడు" అని రాశారనుకోండి. దాన్నే ప్రార్థన చేయండి: "తండ్రీ, నాలో ఈ పని మొదలుపెట్టింది నువ్వే. ఈ రోజు నా కోపం విషయంలోనూ నువ్వే సాగించు." మధ్యాహ్నం 2 నిమిషాలు, పడుకోబోయే ముందు ఇంకోసారి ఆ వాక్యం దగ్గరికి రండి. చాలామందికి జారిపోయేది ఇక్కడే. పొద్దున చదివింది పనిలో పడగానే మరిచిపోతాం, మళ్లీ దాని దగ్గరికి రాము.

ప్రార్థన ముగించగానే "ఆనందం వచ్చిందా?" అని తడిమి చూసుకోకండి. చూపు ఆయన మీది నుంచి మీ మీదికి వచ్చేస్తుంది.

ఉదయస్తుతి
ద్రాక్షతీగ గారు చెప్పనిది ఒకటుంది. దావీదు "నీ రక్షణానందము నాకు మరల పుట్టించుము" అని అడిగింది పాపం ఒప్పుకుంటూ (కీర్తన 51:12). 32వ కీర్తనలో ఒప్పుకోకుండా ఉన్నన్నాళ్లూ ఎముకలు క్షీణించాయంటాడు. "నా పాపాలన్నీ క్షమించు" అని గంపగుత్తగా అనకుండా ఫలానా అబద్ధం, ఫలానా మనిషి మీద పగ అని పేరు పెట్టి చెప్పండి. ఎవరికైనా అన్యాయం చేసి ఉంటే వెళ్లి సమాధానపడండి (మత్తయి 5:23-24). తర్వాత, ఒప్పుకుంటే ఆయన క్షమిస్తాడన్న మాట (1 యోహాను 1:9) నమ్మి లేవండి. ఒప్పుకున్నదాన్నే రోజూ తవ్వుకోవడం పశ్చాత్తాపం కాదు.

బాటసారి
చాలా మేలు చేశారు. కానీ ఎంత వెతికినా దాచుకున్న పాపమేదీ కనబడటం లేదు. నిద్ర సరిగా లేదు, ఆకలీ తగ్గింది. అది కూడా కారణమా?

నీళ్లబుడ్డి
అవ్వొచ్చు. లేని పాపం కోసం వెతకడం ఆపండి. చనిపోతే బాగుండునని అడిగిన ఏలీయా ప్రవక్తను దేవదూత గద్దించలేదు (1 రాజులు 19). తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లబుడ్డి చూపించి తినమన్నాడు. తిని మళ్లీ పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి మళ్లీ తినిపించాకే హోరేబు కొండకు ప్రయాణం. నిద్రలేమి, ఆకలి లేకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఏలీయాలా చావాలనిపిస్తే మాత్రం వారాలు లెక్కపెట్టకండి, ఆ రోజే ఇంట్లోవాళ్లకి చెప్పి వెళ్లండి. అది విశ్వాసం తక్కువై కాదు. మీ సంఘ కాపరికీ (పాస్టరుకీ) చెప్పండి, ఒంటరిగా మోయొద్దు.

ఈలోగా పొడిగా ఉన్నా ప్రార్థించండి. 88వ కీర్తన చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది, అయినా అది ప్రార్థనే. 42, 43 కీర్తనల్లో "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?" అని మూడుసార్లు వస్తుంది. మూడోసారి కూడా "స్తుతించెదను" అనే ఉంది, ఇంకా స్తుతించలేదు.

ద్రాక్షతీగ
నీళ్లబుడ్డి గారు చెప్పింది ముందు చేయండి బాటసారి గారూ, నా 20 నిమిషాలు తర్వాత. ఒంట్లో బాగాలేని రోజు ఒక్క వచనమే చాలు.

ఇంకో చిన్న మాట. రాత్రి మూడు కృతజ్ఞతలు రాసే అలవాటు మంచిదే, కానీ "ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం" అని రోజూ అవే రాస్తే వారానికే చచ్చుబడిపోతుంది. ఆ రోజు జరిగినదే రాయండి, నిన్న రాసింది వద్దు. మరీ చెడ్డ రోజైతే లూకా 10:20 ఉంది. దయ్యాలు లోబడుతున్నాయని సంతోషంగా తిరిగొచ్చిన డెబ్బది మంది శిష్యులతో, అందుకు కాదు, మీ పేర్లు పరలోకంలో రాసి ఉన్నందుకు సంతోషించండి అన్నాడు ప్రభువు. ఆ రోజు పుస్తకంలో అదొక్కటే రాసి పడుకోండి.