అంతరిక్ష రంగంపై ఆసక్తి ఉన్న అమ్మాయిల కోసం జర్నల్ చేస్తున్నా, పేజీల్లో ఏం పెట్టాలి?

ప్రశ్న: అందరికీ నమస్తే. అంతరిక్ష రంగంలోకి వెళ్ళాలనుకునే కాలేజీ వయసు అమ్మాయిల కోసం ఒక జర్నల్ తయారుచేస్తున్నాను. రోజుకో పేజీ, ప్రతి పేజీకీ తేదీ, పైన ఒక స్ఫూర్తివాక్యం, కింద "ఈరోజు నాకు సంతోషాన్నిచ్చినది" లాంటి ప్రశ్న, నెలకొక మహిళా వ్యోమగామి పరిచయం. చూసిన అమ్మాయిలు "బాగుందక్కా" అంటున్నారు గానీ ఎవరూ పెన్ను తీయడం లేదు. ప్రింటింగ్‌కి ఇచ్చేలోపు ఏం మార్చాలో చెప్పండి.

జవాబు: పెన్ను తీయలేదంటే అక్కడ రాయడానికి ఏమీ లేదనే కదండీ. పైన "పెద్ద కలలు కనండి" అని ఉంటే కింద వాళ్ళేం రాస్తారు, "సరే" అనా? ముందు ఆ వాక్యాలు తీసేసి, ఆ చోట చూసి రాయాల్సిన పని ఒకటి పెట్టండి. చంద్రుడు రోజూ సగటున 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. ఆ లెక్క ముందే చెప్పకుండా "వరసగా వారం రోజులు చంద్రోదయం టైమ్ రాయి, తేడా ఎంతో నువ్వే చెప్పు" అనండి. అలాగే ఒక నక్షత్రం ఏదైనా చెట్టు వెనక్కో గోడ వెనక్కో ఎప్పుడు వెళ్ళిందో టైమ్ రాసుకుంటూ పోతే, రోజుకి దాదాపు 4 నిమిషాలు ముందే వెళ్ళిపోతోందని తనకే తెలుస్తుంది. మబ్బు పడితే "మబ్బు" అని రాయమనండి, అదీ పరిశీలనే.

ఇక తేదీలు వద్దే వద్దు. పరీక్షలొచ్చి రెండు వారాలు రాయకపోతే ఆ ఖాళీ పేజీలు చూసి టెన్షన్ పడి పుస్తకమే మూసేస్తారు.

ఇంకొకరు: స్ఫూర్తివాక్యాలు మొత్తం తీసేయాలంటే నేను ఒప్పుకోను, కొందరికి అవీ కావాలి. కానీ వ్యోమగాముల పరిచయాలు మాత్రం మార్చాల్సిందే. అంతరిక్షంలోకి వెళ్ళిన మొదటి మహిళ తెరిష్కోవా 1963లో వెళ్ళింది, శాలీ రైడ్ 1983లో వెళ్ళింది, కల్పనా చావ్లా 1997లో వెళ్ళింది, ఇవి అందరికీ దొరికేవే. నాసా 2021లో 10 మందిని ఎంపిక చేసింది, దరఖాస్తులు 12,000 పైనే. అంటే వ్యోమగామి ఒక్కటే లక్ష్యంగా పుస్తకం నడిపితే చదివేవాళ్ళలో దాదాపు అందరికీ చివరికి నిరాశే కదా. ఆ రంగంలో సాఫ్ట్‌వేర్, మెటీరియల్స్, వైద్యం, ఉపగ్రహ చిత్రాల విశ్లేషణ, అంతరిక్ష చట్టం ఇన్ని ఉన్నాయి. అపోలో నౌకల్లోని సాఫ్ట్‌వేర్ బృందాన్ని నడిపిన మార్గరెట్ హామిల్టన్ అంతరిక్షంలోకి వెళ్ళలేదు.

ప్రశ్న అడిగినామె: చంద్రోదయం ఐడియా చాలా నచ్చింది, తేదీలు కూడా తీసేస్తున్నాను. మరి పరిచయాలు ఎలా రాయాలి? విజయగాథలా రాస్తే పాఠంలా ఉంటోంది.

జవాబు: మొత్తం జీవితం చెప్పకండి, పని జరిగిన ఒక్క ఘట్టం చెప్పి దాని కిందే ఒక పని ఇవ్వండి. జోసెలిన్ బెల్ 1967లో పీహెచ్‌డీ విద్యార్థిని. రేడియో టెలిస్కోప్ నుంచి రోజుకి దాదాపు 30 మీటర్ల కాగితం వచ్చేది, అదంతా కంటితోనే చూసేది. అందులో చిన్న గీతల గజిబిజి ఒకటి కనిపిస్తే వదిలేయకుండా పాత కాగితాలు తీసి పోల్చింది, ఆకాశంలో అదే చోటు నుంచి వస్తోందని తేలింది. పల్సర్లు, అంటే క్రమం తప్పకుండా రేడియో సంకేతాలు వచ్చే నక్షత్రాలు, అలా బయటపడ్డాయి. దాని కింద "ఈ వారం నీకు లెక్క కుదరనిది, అర్థం కానిది ఒకటి రాయి, నెల తర్వాత మళ్ళీ ఈ పేజీకి రా" అని పెట్టండి.

ఖగోళ శాస్త్రవేత్త సెసీలియా పెయిన్‌ కథ ఇంకా పనికొస్తుంది. నక్షత్రాల్లో ఎక్కువ భాగం హైడ్రోజనే అని 1925 థీసిస్‌లో ఆమె లెక్కల్లో తేలింది, కానీ పేరున్న శాస్త్రవేత్త రస్సెల్ అది అసాధ్యం అనడంతో ఆ ఫలితం దాదాపు కచ్చితంగా నిజం కాదని తన థీసిస్‌లోనే రాసుకోవాల్సి వచ్చింది. 1929లో రస్సెల్ కూడా అదే నిర్ణయానికి వచ్చాడు. ఈ కథ కింద రెండు గడులు గీయండి, ఒకటి "నా దగ్గరున్న ఆధారం", రెండోది "పెద్దవాళ్ళు అన్నది". క్లాసులో నోరు మూయించిన అనుభవం లేని అమ్మాయి ఎవరుంటారు, ఈ పేజీ తప్పకుండా నింపుతారు చూడండి.

దరఖాస్తుల పేజీ కూడా ఒకటి ఉండాలి. ఎక్కడికి పంపాను, ఏమన్నారు, ఈసారి ఏం మారుస్తాను, అంతే. వ్యోమగామి పెగ్గీ విట్సన్‌ని నాసా పలుమార్లు తిరస్కరించాకే 1996లో తీసుకుంది, తర్వాత ఆమె అంతరిక్షంలో 600 రోజులకు పైగా గడిపింది. ఆ పేజీ మీద ఇంతకుమించి ఏమీ రాయక్కర్లేదు.

ఇంకొకరు: ఫొటోల గురించి ఒక మాట. నాసా తీసిన ఫొటోలకి మామూలుగా కాపీరైట్ ఉండదు, వాడుకోవచ్చు. వాళ్ళ లోగో మాత్రం వేయకూడదు, పుస్తకాన్ని వాళ్ళు ఆమోదించారన్నట్టు కనిపించకూడదు. అమ్మకానికి పెడుతుంటే, గుర్తుపట్టగలిగే మనుషుల ఫొటోలకి వాళ్ళ అనుమతి కూడా కావాల్సి వస్తుంది. నన్నడిగితే మనుషుల బొమ్మలు మానేసి చంద్రుడి మ్యాప్, రేడియో సిగ్నల్ గీతలు వేయండి.

ప్రశ్న అడిగినామె: అయితే రోజుకో పేజీ పద్ధతి మానేసి వారానికి రెండు పేజీలు చేస్తాను, ఎడమవైపు ఆకాశం, కుడివైపు చదువు, దరఖాస్తులు. చాలా?

జవాబు: చాలు. కాకపోతే ఎడమ పేజీలో గీతలు కొట్టకండి, బొమ్మ వేసుకోవడానికి ఖాళీగా వదిలేయండి.