పందికొక్కు, బాండికూట్: రెండూ ఒకే మాటేనా?

నర్సంపేట రైతుబిడ్డ:
అందరికీ నమస్కారం. మొన్న మా వరి మడి ఒడ్డున పందికొక్కు తోడిన బొరియను పూడుస్తుంటే, పక్కనే నిలబడ్డ మా అబ్బాయి, కంప్యూటర్ ఆటలో తాను చూసే బాండికూట్ ఇదేనా అని అడిగాడు. ఇంటికి వచ్చి ఇంగ్లీషు నిఘంటువు తిరగేస్తే, ఆ మాట తెలుగు నుంచి వచ్చిందని రాసి ఉంది. కానీ పక్కనున్న బొమ్మ ఆస్ట్రేలియా జంతువుది. మన మాట అంత దూరం ఎట్లా పోయింది? తెలిసినవారు దయచేసి వివరించండి.

హన్మకొండ తెలుగు ఉపాధ్యాయుడు:
నిఘంటువులో ఉన్నది నిజమే, తమ్ముడూ. కొక్కు అంటేనే ఈ పెద్ద ఎలుక. కోపం వస్తే పందిలాగా గుర్రుమంటుంది, నేలను కూడా పందిలాగే తవ్విపోస్తుంది కాబట్టి ముందు 'పంది' చేరిందంటే ఒప్పుకోవచ్చు. ఇంగ్లీషువారు 1611లోనే మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకుని తెలుగువారి మధ్య మసలినవారు. వారి భాషలో మాట మొదట వచ్చే 'ప'ను ఊపిరి వదులుతూ, ఇంచుమించు 'ఫ'లాగా పలుకుతారు. మనం అట్లా పలకం కనుక మన 'ప' వారి చెవికి 'బ'కు దగ్గరగా వినిపిస్తుంది. పంది 'బాండి' కావడంలో నాకు వింతేమీ కనిపించదు. ఆ తరువాత ఆస్ట్రేలియా చేరినవారు, అక్కడ మొన దేలిన మూతితో నేల తవ్వే ఒక చిన్న జంతువును చూసి, తమకు అలవాటైన ఈ పేరునే దానికి పెట్టారు.

కాజీపేట జీవశాస్త్ర విద్యార్థిని:
సార్ చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. పేరు ఒకటే గాని ఆ రెండింటికీ చుట్టరికం లేదు. ఆస్ట్రేలియా బాండికూట్ కంగారూలాగా సంచిలో పిల్లను పెంచే జంతువు. తవ్వేటప్పుడు మట్టి పడకుండా దాని సంచి నోరు వెనుకకు తెరుచుకుని ఉంటుంది. మన పందికొక్కు అచ్చమైన ఎలుక జాతిది. 1873లో శాస్త్రజ్ఞులు దాని ప్రజాతికి 'బాండికోటా' అని పేరు పెట్టడంతో, మన మాట లాటిన్ వేషంలో తిరిగి మన జంతువుకే వచ్చింది.

హన్మకొండ తెలుగు ఉపాధ్యాయుడు:
చాలా బాగా చెప్పావమ్మా. ఆస్ట్రేలియా ఇంగ్లీషులో ఈ మాట క్రియగా కూడా మారింది. పైన ఆకు కదలకుండా, చెట్టు ఉన్నది ఉన్నట్టే నిలబెట్టి, కింద ఆలుగడ్డలను దొంగతనంగా తవ్వుకుపోవడాన్ని అక్కడ 'బాండికూట్ చేయడం' అంటారు.

నర్సంపేట రైతుబిడ్డ:
ఇద్దరికీ కృతజ్ఞతలు. సార్ చివర చెప్పినది చదివి ఆశ్చర్యపోయాను, ఎందుకంటే మా పల్లి చేనులో జరిగేది అచ్చంగా అదే. పోయిన యాసంగిలో పచ్చగా నిలబడ్డ చెట్టును పట్టి పీకితే, వేళ్లకు ఒక్క కాయ లేదు. పక్కన బొరియ ముందు మాత్రం కొరికిన పొట్టు కుప్పగా ఉంది.