వానపాము చావకపోతే గుళికలు నేలకు మంచివేనా?

పచ్చిరొట్ట:
వరిలో కాండం తొలిచే పురుగుకు ఎకరానికి 10 కిలోల కార్బోఫ్యూరాన్ 3జి గుళికలు చల్లడం మనకు పాత అలవాటే. "మందుకు అనుమతి ఇచ్చేముందు వానపాముల మీద పరీక్ష చేస్తారు, మీకెందుకు టెన్షన్" అంటున్నారు. ఆ పరీక్ష ఏమిటో చదివాక నాకు నమ్మకం తగ్గింది. 10 శాతం పీట్ (తడి నేలల్లో సగం కుళ్లిన మొక్కల పదార్థం), 20 శాతం కయోలిన్ అనే తెల్ల బంకమట్టి, మిగతాది ఇసుక. అందులో మందు కలిపి, 20 డిగ్రీల దగ్గర 14 రోజులు ఉంచి, ఎన్ని చచ్చాయో లెక్కపెడతారు. వాడేది ఐసీనియా ఫెటిడా, వర్మికంపోస్టు తొట్టెల్లో పెంచే ఎర్ర రకం. పేడలో, చెత్తలో బతికే ఆ జీవిని చూసి మన చేల సంగతి ఎలా తేలుస్తారు?

మట్టిపరీక్ష:
అది మొదటి జల్లెడ మాత్రమేనండీ. ఆ తర్వాత 56 రోజుల పరీక్ష ఉంది. 28 రోజులకు పెద్ద వానపాముల్ని తీసేసి, గుడ్ల సంచుల్లోంచి పిల్లలు ఎన్ని వచ్చాయో ఇంకో 28 రోజులకు చూస్తారు. నా దృష్టిలో అసలు పరీక్ష అదే. చావని వానపాము గుడ్లు పెట్టడం మానేస్తే క్రమంగా చేలో వానపాములే లేకుండా పోతాయి.

ఇక లెక్క. 10 కిలోల గుళికల్లో 3 శాతం అంటే అసలు మందు 300 గ్రాములు. ఎకరం నేలలో పై 5 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 300 టన్నులు. అంటే కిలో మట్టికి ఒక మిల్లీగ్రాము. యూరప్ పద్ధతిలో, సగం వానపాముల్ని చంపే మోతాదు దీనికి కనీసం 10 రెట్లు ఉండాలి. పిల్లల సంఖ్య తగ్గించని మోతాదు కనీసం 5 రెట్లు ఉండాలి. అంతకు తగ్గితే పొలంలోనే పరీక్షించి చూపించమంటారు.

సార్వా రైతు:
లెక్క బాగానే ఉంది గానీ, మా మాగాణిలో నీళ్లు నిలబడి ఉంటాయి. మందు మట్టిలోనే ఉండిపోదు, నీళ్లలోనూ కలుస్తుంది. చౌడు గుణం ఉన్న నేలల్లో కార్బోఫ్యూరాన్ త్వరగా విరిగిపోతుందని మీరే చెబుతారు కదా? ఎర్రలు (వానపాములు) చేలో కంటే గట్టు మీదే ఎక్కువ. గుళికలు మానేసి, పురుగు వల్ల మొవ్వు చచ్చి, తెల్ల కంకులు వచ్చాక నాకు ఎవరు డబ్బు ఇస్తారు?

పచ్చిరొట్ట:
అన్నా, మీ నష్టం నిజమే, కాదనను. కానీ పరీక్ష మట్టిలో 10 శాతం పీట్ ఉంటుంది, మన నేలల్లో చాలాచోట్ల సేంద్రియ కర్బనం అర శాతం కూడా ఉండదు. పట్టి ఉంచే సేంద్రియ పదార్థం తక్కువైతే మందు జీవులకు ఎక్కువ అందుతుంది. నీళ్లు తీసేశాక అదే పొలంలో మినుము వేస్తాం, అప్పుడు మట్టిని గుల్లచేసేది ఎవరు? ఇది వానపాములకు బాగా విషమన్న విషయం కొత్తది కాదు, మందు తగిలిన చోట అవి ఉబ్బి, మెలికలు తిరుగుతూ పైకి వస్తాయి. గుళికల్ని గింజలనుకుని పక్షులు తిని చచ్చిపోవడంతో అమెరికా 1990లలోనే గుళికల వాడకాన్ని దాదాపుగా ఆపేసింది. ప్రమాదకర రసాయనాల ఎగుమతి దిగుమతులకు సంబంధించిన రాటర్‌డామ్ ఒప్పందం జాబితాలోకీ 2017లో కార్బోఫ్యూరాన్ ఎక్కింది.

మట్టిపరీక్ష:
ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. నీళ్లు నిలిచిన మాగాణికి నా లెక్క అలాగే అతకదు, రైతు గారు చెప్పింది సరైనదే. అందుకే పరీక్ష మన మట్టిలో, మన నేలల్లో ఉండే లాంపిటో మారిటియై వంటి వానపాము రకాలతో జరగాలి. స్ప్రింగ్‌టెయిల్స్ అనే చిన్న గెంతే జీవులనూ కలపాలి, ఆకులు కుళ్లే పనిలో వాటికీ వాటా ఉంది.

సార్వా రైతు:
అప్పటిదాకా నన్నేం చెయ్యమంటారు?

మట్టిపరీక్ష:
నారుమడితో ఆపండి. నారు తీసేందుకు వారం ముందు సెంటుకు 160 గ్రాములు అని సిఫారసు. ఎకరానికి 5 సెంట్ల మడి అనుకుంటే 800 గ్రాముల గుళికలు, అసలు మందు 24 గ్రాములు. మొత్తం చేనుకు వేసే 300 గ్రాములతో పోల్చి చూడండి. మడి మట్టిలో గాఢత ఎక్కువే, కిలోకు సుమారు 1.6 మిల్లీగ్రాములు, అక్కడ వానపాములు దెబ్బతింటాయి. అయితే 5 సెంట్ల చోటులోకి చుట్టూ ఉన్న గట్ల నుంచి మళ్లీ వచ్చి చేరగలవు. యూరప్‌లో పొలం పరీక్షలకు పెట్టిన షరతు కూడా ఏడాదిలోగా కోలుకోవాలనే. చేను మొత్తం చల్లితే వచ్చి చేరడానికి పక్కన ఏం మిగులుతుంది?

సార్వా రైతు:
నారుమడి వరకైతే ఒప్పుకుంటాను. ప్రధాన పొలంలో పిలకల దశలో పురుగు ఉధృతి చూసి మాట్లాడతా.